పందెం ఎప్పుడు పెరుగుతుంది?

వియత్నాం పేకాటల్లో వాడే పందెం మాటల జాబితా ఒకటి ఈమధ్య మా పాత స్నేహితుల గ్రూపులోకి వచ్చింది. "సైగాన్‌లో ఉండొచ్చావు కదా, ఇవన్నీ నిజమేనా?" అని నన్నడిగారు. చూశాను. 'తో' అంటే పందెం పెంచడం. 'థెయో' అంటే ఎదుటివాడు పెంచినంతా పెట్టి ఆటలో నిలబడడం. 'ఉప్' అంటే ముక్కలు బోర్లించి తప్పుకోవడం. 'తత్ తాయ్' అంటే ముందున్నదంతా ఒకేసారి తోసెయ్యడం. ఒక్కటీ తప్పు కాదు. కానీ ఇవి బట్టీపట్టుకుని వెళ్ళి తెత్ పండగనాడు, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం నాడు, హో చి మిన్ సిటీలో (అదే సైగాన్) ఏ ఇంట్లోనో చాప మీద కూర్చుంటే, సాయంత్రం దాకా అందులో ఒక్క మాట కూడా చెవిన పడకపోవచ్చు.

అక్కడ వినబడేవి వేరు. పంది కుళ్ళింది. వాడు గడ్డకట్టుకుపోయాడు. వీడికి పళ్ళు ఊడిపోయాయి. కోడికి వెయ్యి. అందరి తరఫునా నువ్వే కట్టు. ఇవీ డబ్బు మాటలే, కానీ వీటిలో 'పెంచుతున్నాను' అన్న మాట లేదు. పెద్ద ముక్క పట్టుకు కూర్చున్నందుకు ఇంత, ఒక్క ముక్కా వెయ్యలేకపోయినందుకు ఇంత, పక్కవాడికి మేత వేసినందుకు ఇంత అని అన్నిటికీ ముందే రేటు కట్టి ఉంటుంది. ఆ జాబితా తయారుచేసినవాళ్ళు నోటిమాటతో పందెం పెంచుకుంటూ పోయే పోకర్ కళ్ళద్దాలు పెట్టుకుని వియత్నాం పేకాటంతా చూశారు. దాంతో ఇంటి ఆటలూ జూదమూ ఒకే రకంగా కనబడ్డాయి వాళ్ళకి.

నా అభిప్రాయం ఇది: పేకాటని తూచేటప్పుడు నైపుణ్యమా అదృష్టమా అని అడగడం వల్ల పెద్దగా తేలేదేమీ లేదు. పందెం ఎప్పుడు పెరుగుతుంది, ఎవరి మాట మీద పెరుగుతుంది అని అడగాలి. దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు. కొన్నిటికి నా దగ్గర సరైన జవాబు కూడా లేదు.

పంది చేతిలో మిగిలితే

దక్షిణ వియత్నాంలో ఏ ఇంట్లోనైనా ఆడేది తియెన్ లెన్. నలుగురు, తలా 13 ముక్కలు. అన్నిటికన్నా చిన్నది మూడు, అన్నిటికన్నా పెద్దది రెండు. ఆసు కూడా దాని కిందే. రంగుల్లో ఇస్పేటు అడుగున, ఆ పైన కళావరు, తర్వాత డైమను, నెత్తిన ఆఠీను. చేతిలోవన్నీ ముందు వదిలించుకున్నవాడు గెలిచినట్టు. ఆఖరివాడు మొదటివాడికి పూర్తి పందెం, మూడోవాడు రెండోవాడికి సగం ఇచ్చుకుంటారు. ఇంతవరకూ పిల్లలాటే. అసలు డబ్బు జరిమానాల్లో ఉంది.

రెండుని 'హెయో', అంటే పంది, అంటారు. దాన్ని మామూలుగా ఇంకా పెద్ద రంగు రెండు తప్ప ఏ ఒంటి ముక్కా కొట్టలేదు. కానీ వరసగా మూడు జతలు గానీ, ఒకే అంకె ముక్కలు నాలుగూ గానీ ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని 'నరకొచ్చు'. నరికించుకున్నవాడు అక్కడికక్కడే కట్టాలి. నల్ల పందికి తక్కువ, ఎర్ర పందికి రెట్టింపు. పోనీ నరుకుతారేమోనని దాచుకుంటే, ఆట ముగిసేసరికి అది చేతిలో ఉండిపోతుంది. అదే 'థోయ్ హెయో', పంది కుళ్ళడం. దానికీ జరిమానా. ఇక ఆటంతా ఒక్క ముక్కా వెయ్యలేక 13 అలాగే పట్టుకున్నవాణ్ణి 'కాంగ్' అంటారు. చలికి కొయ్యబారిపోవడం అన్నమాట. చాలాచోట్ల వాడికి లెక్క రెట్టింపు.

నేను సైగాన్‌లో బిన్ థాన్ అనే పేటలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాణ్ణి. తెత్ సెలవుల్లో కింద హాల్లో చాప పరిచేవాళ్ళు. ఇంటావిడ తల్లిని అందరూ 'బా', అంటే అవ్వ, అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఎర్ర రంగు వేసిన పుచ్చగింజలు ముందుపళ్ళతో పట్ మని పగలగొట్టుకుంటూ ఆడేది. ఒకసారి కాలేజీలో చదివే ఆవిడ మనవడి చేతిలో నాలుగు ముక్కలున్నాయి, అందులో ఒకటి ఆఠీను రెండు. అప్పటికి ఆరులు, ఏడులు, ఎనిమిదులు పెద్దగా బయటపడలేదు. బా చేతిలో సరిగ్గా ఆరు ముక్కలు, మూడు జతలకి సరిపడా. వాడి భయం అదే. పంది వేస్తే నరికేస్తుంది, వెయ్యకపోతే కుళ్ళుతుంది. ముక్క సగం పైకి లాగాడు, మళ్ళీ లోపలికి తోశాడు. బా వాడి వంక చూడనే లేదు, గింజ పొట్టు గిన్నెలోకి ఊసింది. వాడు 'నా వంతు వద్దు' అనేశాడు. నాలుగు చుట్లలో ఆట అయిపోయింది, పంది వాడి చేతిలోనే ఉండిపోయింది. బా చివరిదాకా చేతిలో పెట్టుకున్నవి చాలామటుకు పొత్తులేని ముక్కలు. జతల వరస కాదు గదా, జత అన్నది ఒక్కటే ఉంది.

మనవడు 10 వేల దాంగ్‌ల నోటు తీసి ఇచ్చాడు. మన డబ్బులో ముప్పై, నలభై రూపాయలు.

ఇందులో కావలసినంత భయం ఉంది, మోసం ఉంది, లెక్క ఉంది, టెన్షన్ ఉంది. పోకర్‌లో ఉన్న సరుకంతా ఉంది. కానీ ఆ పది వేలు అన్న అంకె ఆట మధ్యలో పుట్టింది కాదు. 'నల్లదానికి ఐదు, ఎర్రదానికి పది' అని ముక్కలు పంచకముందే అనుకున్నారు. ఎంత చెడ్డ ముక్కలు వచ్చినా, ఎంత తెలివితక్కువగా ఆడినా, ఒక్క ఆటలో ఎంత పోవచ్చో చాప మీద కూర్చోగానే చెప్పొచ్చు.

అందరి తరఫునా కట్టడం

ఉత్తరాదివాళ్ళ ఆట ఫామ్. తా లా అనీ అంటారు. హనోయ్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన నాకు దీన్ని నేర్పాడు. దక్షిణాదివాళ్ళ తియెన్ లెన్ ఆయన దృష్టిలో గోల తప్ప ఆట కాదు. రమ్మీ వచ్చినవాళ్ళకి ఫామ్ పావుగంటలో పట్టుబడుతుంది. తలా తొమ్మిది ముక్కలు, మొదలుపెట్టేవాడికి పది. సెట్లు, సీక్వెన్సులు కట్టుకోవాలి. తేడా అంతా డబ్బు దగ్గరే.

నేను పారేసిన ముక్కని నా తర్వాతివాడు ఎత్తి కలుపుకుంటే 'తిన్నాడు' అంటారు. తిన్న క్షణానే నేను కట్టాలి. మొదటిసారి ఒక వంతు (ముందే అనుకున్న పందెం మొత్తం), రెండోసారి రెండు, మూడోసారి మూడు. ఆఖరి చుట్టులో పారేసింది తింటే 'చోత్', నాలుగు వంతులు. చివర్లో మిగిలిన ముక్కల పాయింట్లు లెక్కపెట్టి, తక్కువ ఉన్నవాడికి రెండోవాడు ఒకటి, మూడోవాడు రెండు, నాలుగోవాడు మూడు ఇస్తారు. ఒక్క సెట్టు కూడా కట్టలేనివాడు 'మామ్', అంటే బోసినోరు. వాడు నాలుగు ఇచ్చుకోవాలి. ఎవరైనా చేతిలోవన్నీ కలిపేస్తే 'ఊ' అని అరుస్తాడు, తక్కినవాళ్ళంతా తలా ఐదు ఇవ్వాలి.

నాకు బాగా నచ్చింది 'దెన్'. నేను ఒకడికి మూడుసార్లు ముక్క తినిపించి, వాడు దాంతో ఊ కొడితే, టేబులు మీద ముగ్గురూ కట్టాల్సింది నేనొక్కణ్ణే కట్టాలి. మూడైదులు పదిహేను. వాడు గెలవడం నీ నిర్లక్ష్యం వల్ల కాబట్టి మిగతావాళ్ళ నష్టం కూడా నీదే. ఆ హనోయ్ మిత్రుడు నాకు మొదటి పాఠంగా చెప్పింది ఇదే: "నీ చేతిలోవి చూసుకోవడం ఎవడైనా చేస్తాడు, నీ కుడిపక్కవాడేం తింటున్నాడో చూడు."

సమ్ లోక్ అని ఇంకొకటుంది, పది ముక్కలది. ముక్కలు పంచగానే 'సమ్ చెప్పుకునే' వీలుంటుంది: నేను ఎవరూ అడ్డుకోలేనంతగా వరసగా అన్నీ వేసేస్తాను అని ప్రకటించడం. నిజంగా వేసేస్తే అందరూ కడతారు. మధ్యలో ఒక్కడు అడ్డుకున్నా, అందరి లెక్కా చెప్పుకున్నవాడి మీదే పడుతుంది. నోటితో పందెం పెంచడం ఇక్కడా ఉంది కదా అని మీరనొచ్చు. ఉంది. కానీ ఎంత పెరుగుతుందో ముందే రాసిపెట్టి ఉంది, రెండోసారి పెంచడానికి లేదు, ఓడితే బరువు మోసేది ఆ నోరు తెరిచినవాడే.

మన రమ్మీ కూడా ఈ కులానిదే. మొదట్లో డ్రాప్ అయితే, అంటే తప్పుకుంటే, 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80, రాంగ్ షో పెడితే అదే 80. ఎంత చెత్తగా ఆడినా 80 దాటదు.

నోటిమాటతో పెరిగే పందెం

లియెంగ్ గురించి తెలుగువాళ్ళకి పెద్దగా చెప్పక్కర్లేదు. మూడు ముక్కలాట ఆడినవాడికి అది మేనత్త కొడుకు. మూడేసి ముక్కలు. మూడూ ఒకటే అయితే అన్నిటికన్నా పెద్ద, తర్వాత సీక్వెన్స్ (దాన్నే లియెంగ్ అంటారు), తర్వాత మూడూ బొమ్మ ముక్కలు, ఏవీ కాకపోతే కూడి ఒకట్ల స్థానం చూడడం. తో, థెయో, ఉప్ అన్న ఆ జాబితా మాటలన్నీ ఈ ఆటవి, అయిదు ముక్కల సీ తో ఆటవి.

ఆఫీసువాళ్ళతో వుంగ్ తౌ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళినప్పుడు హోటలు గదిలో లియెంగ్ నడిచింది. నేను చూస్తూ కూర్చున్నాను. కొత్తగా చేరిన కుర్రాడొకడికి సీక్వెన్స్ పడింది, మంచి ముక్కలు. వాడికన్నా సీనియర్ ఒకాయన 'తో' అన్నాడు, ఇంకో చుట్టు తిరిగాక మళ్ళీ 'తో' అన్నాడు. కుర్రాడు జేబు తడుముకున్నాడు, పక్కవాడి మొహం చూశాడు, ముక్కలు బోర్లించాడు. సీనియర్ దగ్గర ఏముందో చూపించక్కర్లేదు కాబట్టి చూపించలేదు. ఆ ఆట ఫలితం తేల్చింది ముక్కలు కాదు, ఇద్దరి జీతాల తేడా. తియెన్ లెన్‌లో బా తన మనవణ్ణి భయపెట్టింది నిజమే, కానీ ఆవిడ దగ్గర వాడికన్నా ఎక్కువ డబ్బుండడం ఆ భయానికి కారణం కాదు.

దీనికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. వియత్నాం పల్లెల్లో పిల్లలు డబ్బుకి బదులు మసికి ఆడతారు. గిన్నె అడుగున మసి వేలితో తీసి ఓడినవాడి బుగ్గ మీద రాయడం. పంది కుళ్ళితే రెండు గీతలు, గడ్డకట్టుకుపోతే మొహమంతా. తియెన్ లెన్ మసితో ఆడినా అంతే రంజుగా ఉంటుంది. ఎందుకంటే అది జరిమానాల పట్టిక. జరిమానా నోటైనా, మసైనా, చెవి మీద వేలితో కొట్టడమైనా పని చేస్తుంది. లియెంగ్‌ని మసితో ఆడి చూడండి. 'నేను ఇంకో నాలుగు గీతలు పెంచుతున్నా' అంటే ఎవడు తప్పుకుంటాడు? పెంచడం భయపెట్టాలంటే పోయేది నిజంగా పోవాలి. డబ్బు తీసేస్తే నిలబడని ఆట లియెంగ్, నిలబడే ఆట తియెన్ లెన్. చింతగింజలతో మూడు ముక్కలాట ఆడినవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

మధ్య వియత్నాంలో బాయ్ చోయ్ అని ఇంకో కొస ఉంది. వెదురు గుడిసెల్లో కూర్చున్నవాళ్ళ దగ్గర చీట్లుంటాయి. పాడేవాడు ఒక్కో ముక్క తీసి, దాని పేరు వచ్చేదాకా పద్యం సాగదీస్తాడు. మూడు జెండాలు వచ్చినవాడు 'తోయ్' అని అరుస్తాడు. టికెట్టు ధర తప్ప పోయేదేమీ లేదు. 2017లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. లియెంగ్‌ని ఎవరూ ఏ జాబితాలోనూ చేర్చరు.

సరే, ఇక్కడ మన సుప్రీంకోర్టు సంగతి. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో, రమ్మీలో పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట, మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం కాదు అన్నది కోర్టు. విడగొట్టిన గీత సరైనదే, చెప్పిన కారణంతోనే నాకు పేచీ. పందెం పెంచే మూడు ముక్కలాటకి నైపుణ్యం అక్కర్లేదని దాన్ని బాగా ఆడేవాణ్ణి ఎదుర్కొన్నవాడెవడూ అనడు. మొహం చదవడం, ఎప్పుడు తప్పుకోవాలో తెలియడం, ఎంత పెంచితే ఎదుటివాడు జంకుతాడో తెలియడం, ఇవన్నీ నైపుణ్యాలే. నైపుణ్యం ఉన్నంతమాత్రాన ఆట మంచిదైపోతుందా? వుంగ్ తౌలో ఆ సీనియర్‌కి నైపుణ్యం బోలెడుంది.

అడ్డొచ్చే సంగతులు

ఇంత చెప్పాక నా గీత ఎక్కడెక్కడ చెరిగిపోతుందో కూడా చెప్పాలి.

తియెన్ లెన్‌లోనే 'నరుకు మీద నరుకు' ఉంది. ఒకడు పందిని నరికితే, ఆ నరికినవాణ్ణి ఇంకా పెద్ద జతల వరసతో మరొకడు నరకొచ్చు. అప్పుడు మొదటి జరిమానా, రెండోది అన్నీ కలిపి ఆఖరున నరికించుకున్నవాడి మీద పడతాయి. ఆట మధ్యలో పందెం పెరిగినట్టే కదా? పెరిగినట్టే. నోటితో కాదు, చేతిలో ఉన్న ముక్కలతో పెరిగింది అంటాను నేను. లేని జతలతో ఎవడూ నరకలేడు. అయినా ఓడినవాడి జేబుకి ఈ తేడాతో పనిలేదని ఒప్పుకుంటాను.

'కోడి' ఉంది. వాళ్ళ భాషలో 'గా'. మధ్యలో పెట్టే ఉమ్మడి డబ్బు. ఫామ్‌లో ఊ కొట్టినవాడు, బా కెయ్‌లో పెద్ద ముక్కలు వచ్చినవాడు ఎత్తుకుపోతాడు. ఎవరూ ఎత్తుకోకపోతే తర్వాతి ఆటకి బలుస్తుంది. బా కెయ్ అసలే మూడు ముక్కల కూడికల ఆట, అందులో నిర్ణయించాల్సిందేమీ లేదు. దానికి కోడి తోడైతే, పైగా ఆటగాళ్ళు తమలో తాము పక్కపందేలు కాసుకుంటే, జరిమానాల ఆట అన్న మాటకి అర్థమే ఉండదు.

అన్నిటికన్నా గట్టిది మూడోది. ఒక్క ఆటలో ఎంత పోతుందో తెలిసినంత మాత్రాన రాత్రంతా ఎంత పోతుందో తెలుస్తుందా? మా హనోయ్ మిత్రుడే చెప్పాడు, తన ఊళ్ళో ఒక ఫామ్ ఆట ఐదు వేలు వంతుగా మొదలై అర్ధరాత్రి దాటాక యాభై వేలు వంతుకి వెళ్ళిందని. పెంచమన్నది గెలుస్తున్నవాడు కాదు, పోగొట్టుకున్నవాడు. అలాంటివాణ్ణి అక్కడ 'దాహం వేసినవాడు' అంటారు. పోయింది రాబట్టుకోవాలన్న దాహం. ఆట లోపల తలుపులన్నీ వేసి ఉన్నా ఆటకీ ఆటకీ మధ్య తలుపు తెరిచే ఉంటుంది.

ఆ రాత్రి ఆట ఎలా ముగిసిందని అడిగాను. యాభై నుంచి వంద చేద్దామని మళ్ళీ అతనే అన్నాడట. నలుగురిలో ఒకాయన భార్య లోపల్నుంచి వచ్చి "పొద్దున్న పిల్లని బడికి దింపాలి" అని భర్తని లేపుకుపోయింది. ముగ్గురు మిగిలారు, ముక్కలు సర్దేశారు. అప్పట్నుంచి నా వాదనని కొంచెం సరిచేసుకున్నాను. పందెం పెరగడం ఒక్కటే కాదు, పెరగడానికి ఎంతమంది ఒప్పుకోవాలి అన్నది చూడాలి. లియెంగ్‌లో ఒక్కడు పెంచితే మిగతావాళ్ళు ఇవ్వాలి, లేదా పోవాలి. ఫామ్‌లో నలుగురూ తల ఊపితే గానీ వంతు మారదు. నలుగురిలో ఒకడికి నిద్రొచ్చినా మారదు.

ఫోన్లోకి వచ్చాక

ఆ అడ్డుని తీసేసింది ఫోను. పందెం యాప్‌లో తియెన్ లెన్ నియమాలు అచ్చం చాప మీద ఉన్నవే. పంది కుళ్ళితే ఇంతే, గడ్డకడితే ఇంతే. కానీ లోపలికి వెళ్ళగానే గదులు: వెయ్యి దాంగ్‌ల టేబులు, పదివేలది, లక్షది. దాహం వేసినవాడు ఎవరినీ అడగక్కర్లేదు, పక్క గదిలోకి జరిగితే చాలు. అక్కడ తనలాంటి ముగ్గురు ముందే కూర్చుని ఉంటారు. చాప మీద నలుగురు ఒప్పుకుంటే జరిగేది ఇక్కడ ఒక బొటనవేలికి జరిగిపోతుంది. అలా తియెన్ లెన్ కూడా లియెంగ్ అయిపోయింది. నియమాల్లో ఒక్క అక్షరం మార్చకుండానే.

జరిమానా కట్టడం కూడా పోయింది. చాప మీద పది వేల నోటు తీసి ఇవ్వాలంటే చెయ్యి జేబులోకి వెళ్ళాలి, చిల్లర వెతుక్కోవాలి, "తర్వాత ఇస్తాలే" అనాలి, బా "పండగపూట బాకీ పెట్టకూడదు" అనాలి. ఒక్కోసారి ఆవిడే "పోన్లే, పరీక్ష బాగా రాయి" అని వదిలేసేది. యాప్‌కి వదిలెయ్యడం చేతకాదు. అంకె తగ్గుతుంది, వెంటనే కొత్త ముక్కలు పడతాయి, వంతుకి ఇన్ని సెకన్లని గడియారం తిరుగుతుంది.

విచిత్రమేమిటంటే నెమ్మదిగా చెయ్యడంలో ఉన్న మజాని మాత్రం యాప్‌వాళ్ళు జాగ్రత్తగా కాపీ కొట్టారు. మూడు ముక్కల ఆటల్లో 'నాన్' అని ఒక పని ఉంది. ముక్కలన్నీ ఒకదానిమీదొకటి పెట్టి, పై ముక్కని బొటనవేలితో వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, అంచు దగ్గర గుర్తులు ఎన్నున్నాయో పిండినట్టు చూసుకోవడం. ఏడా ఎనిమిదా తేలేలోపు చుట్టూ మూగినవాళ్ళు ఊపిరి బిగబడతారు. యాప్‌లో దానికీ సదుపాయం ఉంది, వేలితో ముక్కని మెల్లిగా లాగొచ్చు. డబ్బు ఇచ్చేటప్పటి ఆలస్యాన్ని తీసేసి, ఆశపెట్టే ఆలస్యాన్ని అట్టేపెట్టుకున్నారు.

2018 నవంబరులో వియత్నాంలోని ఫూ థో రాష్ట్రంలో నడిచిన కేసు గుర్తుందా? ఆన్‌లైన్ పందేల ముఠా, 92 మంది ముద్దాయిలు. అందులో ఇద్దరు మాజీ పోలీసు జనరల్స్. ఒకాయనకి 9 ఏళ్ళు, ఇంకొకాయనకి 10 ఏళ్ళు శిక్ష పడింది. ఆ పదేళ్ళు పడ్డాయన హైటెక్ నేరాలు పట్టుకోవాల్సిన విభాగానికి అధిపతిగా చేసినవాడు. నాకు అంతకన్నా గుర్తుండిపోయింది అందులోకి డబ్బు వెళ్ళిన దారి: ఫోన్ రీఛార్జి గీకుడు కార్డులు. కిళ్ళీకొట్టులో కార్డు కొని, గీకి, నంబరు కొడితే అది పందెం డబ్బు అయిపోయేది. నోటు చేతిలోంచి పోతున్నట్టే అనిపించదు, ఫోన్‌లో బ్యాలెన్స్ వేయించుకున్నట్టు ఉంటుంది.

ఉత్తరాదిలో పెద్దవాళ్ళు ఆడే చాన్ ఆటని కూడా ఇక్కడే చెప్పాలి. వంద సన్నని ముక్కలు, వాటి మీద చైనా రకం అక్షరాలు. నలుగురు, తలా 19. గెలిచినవాడు 'ఊ' అంటే సరిపోదు. తన చేతిలో ఏయే విశేషాలున్నాయో ఒక్కొక్కటీ పేరుపెట్టి పైకి చదవాలి. ఆ చదవడాన్ని 'సుయంగ్' అంటారు. తప్పు చదివితే వచ్చే డబ్బు రాకపోగా ఎదురు కట్టాలి. అంటే గెలిచినవాడు కూడా గెలుపుని అందరి ముందూ రుజువు చేసుకోవాలి, అందరూ విని సరే అనాలి. దాని యాప్‌లో ఇప్పుడు పేర్ల జాబితా వస్తుంది, టిక్కులు పెట్టడమే.

చట్టం ఏమడుగుతుంది

వియత్నాం చట్టం నైపుణ్యం ఊసే ఎత్తదు. 2015 శిక్షాస్మృతి 321వ అధికరణం ప్రకారం డబ్బు గానీ వస్తువులు గానీ 50 లక్షల దాంగ్‌లు, మన లెక్కలో పదహారు పదిహేడు వేల రూపాయలు, అయినా, దాటినా నేరం. అంతకు లోపు, పాత కేసులు లేకపోతే, జరిమానాతో సరి. ఏ ఆట అన్నది కాదు, చాప మీద ఎంతుంది అన్నది ప్రశ్న. మన పద్ధతి కన్నా ఇది నయమని చాలాకాలం అనుకున్నాను. కానీ వుంగ్ తౌ గదిలో మొత్తం కలిపినా 50 లక్షలు లేవు, ఆ కుర్రాడికి మాత్రం ఆ రాత్రి పోయింది నెల జీతంలో చెప్పుకోదగ్గ భాగం. అంకె ఒకరికి తెత్ సరదా, ఒకరికి ఇంటద్దె.

మనదగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలని ఆపాయి. రమ్మీ నైపుణ్యం కదా అని కంపెనీలు ఆ సికింద్రాబాద్ క్లబ్బు తీర్పునే పట్టుకుని కోర్టులకెళ్ళాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట వద్దంది. నైపుణ్యం అన్న ప్రశ్ననే పక్కన పెట్టేసింది. ఆ మేరకు నాకు నచ్చింది. కానీ దాని బదులు ఏ ప్రశ్న అడగాలో అది చెప్పలేదు, ఫోన్ అన్నది ఒక్కటే గుర్తుగా పెట్టుకుంది. ఆట చెడ్డదైంది ఫోన్లో ఉన్నందుకు కాదు. గది మార్చడానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేనందుకు. క్లబ్బు యజమాని టేబులు పక్కన నిలబడి "వంతు పెంచుతారా సార్, రూము ఇప్పిస్తాను" అంటే అదీ అంతే.

యజమాని అంటే గుర్తొచ్చింది. ఆట నుంచి కోత తీసుకునేవాడు ఉన్నాడా అన్నది ఇంకో గుర్తు. ఆ కోతని దక్షిణాదిలో 'సౌ' అంటారు, ఉత్తరాదిలో 'హో'. మన సికింద్రాబాద్ కేసులో కూడా క్లబ్బు ఆట మీద లాభం తీస్తోందా అన్నది కోర్టు ప్రత్యేకంగా చూసింది. ఆ భాగాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, 'రమ్మీ నైపుణ్యం' అన్న ఒక్క ముక్కనే అరవై ఏళ్ళ దాకా లాక్కొచ్చారు. కోత తీసుకునేవాడికి ఎవరు గెలిచారన్నది అక్కర్లేదు, ఆట ఆగకూడదు అంతే. పిల్లని బడికి దింపాలని ఎవరైనా లేస్తే అతనికి నష్టం. బా చాప మీద కోత లేదు, పొట్టు గిన్నె తప్ప.

దీన్నంతా గ్రూపులో రాస్తే ఒక మిత్రుడు ఒప్పుకోలేదు. "లియెంగో మూడు ముక్కలో ఆడి నెల జీతం పోగొట్టుకున్నవాణ్ణి చూశాను. రమ్మీ ఆడి పొలం అమ్ముకున్నవాణ్ణీ చూశాను. 80 దాటని ఆటలో ఎకరాలు ఎలా పోయాయి మరి?" అన్నాడు. సరైన ప్రశ్నే. ఆ మనిషి ఆడింది క్లబ్బులోనా, ఫోన్లోనా అని అడిగాను. రెండిట్లోనూనట. క్లబ్బులో మొదలుపెట్టి, అక్కడ అందరూ ఇళ్ళకి పోయాక ఫోన్ తీసేవాడట. మొదటి ఎకరం పోవడానికి ఎన్నేళ్ళు పట్టింది, ఆఖరి ఎకరం పోవడానికి ఎన్ని నెలలు పట్టింది అని అడిగితే మా మిత్రుడు కనుక్కుంటానన్నాడు. ఇంకా కనుక్కోలేదు. మా ఇద్దరి తగాదా తేలాలంటే కావలసిన లెక్క అదే.